మూడు గంటల అల్లం సోడా

నాకు మా తోడికోడలంటే కుళ్ళు. ఈ మాట రాసుకోవడానికి సిగ్గేమీ లేదు, మా వీధిలో ఇది తెలియనివాళ్ళు లేరు. ఆ అమ్మాయికి ఒక్కదానికే తెలియదనుకుని కొన్నాళ్ళు ధీమాగా ఉన్నాను. ఆ ధీమా ఎలా పోయిందో చెప్తాను.

రాజోలులో మాది రెండు వాటాల పాత ఇల్లు. పెద్ద వాటాలో మా ఆయన, నేను, మా అత్తగారు. చిన్న వాటాలో మా మరిది భార్య, వాళ్ళమ్మాయి. మరిది మస్కట్‌లో ఏసీలు బిగించే పని చేస్తాడు. రెండేళ్ళకోసారి వచ్చి నెల్లాళ్ళుండి పోతాడు. రెండు వాటాలకీ మధ్య గోడ ఒకటే, వెనక దొడ్డి ఒకటే. వాళ్ళు తాలింపు వేస్తే మాకు తుమ్ములొస్తాయి. నా తోడికోడలు నాకంటే పదేళ్ళు చిన్నది, నెమ్మదస్తురాలు, ఎవరినీ పల్లెత్తు మాట అనదు. నేను అలా కాదు. నాకు నోరుంది.

నోటితోపాటు నాకు అల్లం సోడా కూడా ఉంది. ఉండేది అనాలేమో.

మా నాన్నకి బజారులో గోళీ సోడా కొట్టు ఉండేది. బడి వదలగానే నేను ఇంటికి కాదు, కొట్టుకే పోయేదాన్ని. అల్లం దంచి, రసం పిండి, గిన్నెలో కదలకుండా పెడితే అడుగున తెల్లగా పిండి దిగుతుంది. పైన తేరిన రసం మాత్రం ఒంపుకుని పంచదార పాకంలో కలిపి, నిమ్మకాయ పిండి, చిటికెడు ఉప్పు వేసేవాడు నాన్న. ఆ రసాన్ని సీసా అడుగున రెండు వేళ్ళ మందం పోసి, పైన నీళ్ళు నింపి, మిషనులో తలకిందులుగా బిగించి చక్రం తిప్పేవాడు. గ్యాసెక్కి, గోళీ వచ్చి సీసా మూతికి టక్కున కూర్చునేది. "రసం ముందు, గ్యాసు తరవాతమ్మా. గోళీ కూర్చున్నాక ఆ దేవుడొచ్చినా లోపల చుక్క పొయ్యలేడు" అనేవాడు. ప్లాస్టిక్ సీసాల కూల్‌డ్రింకులు వచ్చాక కొట్టు మూతపడింది. మిషను పాత ఇనుములోకి పోయింది. రసం చెయ్యడం మాత్రం నాకు మిగిలింది.

పెళ్ళై వచ్చిన కొత్తలో మా అత్తగారు నన్ను "సోడా కొట్టోళ్ళ పిల్ల" అనేవారు. అది మంచికి అనే మాట కాదు. ఒక వేసవి మధ్యాహ్నం ఆవిడ కడుపుబ్బరంతో వసారాలో అటూ ఇటూ తిరుగుతుంటే చూడలేక, షాపు నుంచి సోడా తెప్పించి, అల్లం రసం కలిపి ఇచ్చాను. గ్లాసు దించి గట్టిగా ఒక త్రేనుపు తీసి, "అమ్మయ్య, ప్రాణం లేచొచ్చిందే" అన్నారు. మర్నాడు మూడింటికి మళ్ళీ అడిగారు. ఆ తరవాత అడగాల్సిన పని లేకపోయింది.

అప్పట్నుంచి ఇరవై రెండేళ్ళు, మధ్యాహ్నం మూడు గంటలకి అరుగు మీద ఆవిడ పక్కన కూర్చుని ఆ గ్లాసు చేతికిచ్చాను. ఆవిడ గుక్క గుక్కకీ ఆగుతూ, వాళ్ళ పుట్టింటి సంగతులు, మా మావగారి చాదస్తం, ఎదురింటావిడ దొంగ భక్తి, అన్నీ చెప్పేవారు. మిగతా రోజంతా ఆవిడ అత్తగారు, నేను కోడల్ని. ఆ అరగంట మాత్రం ఇద్దరాడవాళ్ళం. ఈ ఇంట్లో నాకంటూ ఏదైనా గొప్ప ఉందంటే అది ఆ గ్లాసే.

అందులో ఒక లోపం ఉంది. అది నాకు తెలుసు. షాపు సోడా మూత తీసిన పూటే బుస్సుమంటుంది, మర్నాటికి చప్పబడిపోతుంది. సగం సీసా పారబోయడానికి చేతులు రాక ఆ చప్పబడిందే కలిపేదాన్ని. అత్తగారు ఏనాడూ ఏమీ అనలేదు. ఆవిడకి తెలియలేదనే అనుకున్నాను.

మొన్న వేసవిలో మరిది వచ్చినప్పుడు పెట్టెలోంచి ఒక సోడా మిషను తీశాడు. నల్లగా, నీళ్ళ బిందె అంత ఎత్తుంది. దానికి కరెంటు కూడా అక్కర్లేదు. వెనక చిన్న గ్యాసు సిలిండరు బిగించాలి. అది విమానంలో రానివ్వరట, ఇక్కడే ఆన్‌లైన్‌లో తెప్పించాడు. మిషనుతో పాటు నాలుగు రంగుల సీసాలు వచ్చాయి. బ్లూబెర్రీ, పీచ్, ఇంకా ఏవో. వాటి మీద పళ్ళ బొమ్మలున్నాయి గాని ఆ పళ్ళు మా రాజోలు సంతలో ఎవరూ చూసి ఎరగరు.

"అక్కా, రండి. ముందు మీరే తాగాలండీ" అని నా తోడికోడలు గుమ్మం దాకా వచ్చి పిలిచింది.

వెళ్ళాను. సీసాలో ఫ్రిజ్ నీళ్ళు పోసి, మిషనుకి బిగించి, పైన మీట నొక్కింది. బుర్ర్‌ర్ర్ మంది. మూడుసార్లు నొక్కి, సీసా తీసి, గ్లాసుల్లో వంచి, అప్పుడు పైన ఆ నీలం రంగు మందు పోసి చెంచాతో తిప్పింది. నాకు నవ్వొచ్చింది. సోడా అయిపోయాక పైన రసం పోయడం ఏమిటి, గోడకి సున్నం కొట్టినట్టు? మా నాన్న చూస్తే ఏమనేవాడో అనుకున్నాను.

"నాకు గొంతు నొప్పిగా ఉందమ్మా, నేను తాగను" అన్నాను.

అత్తగారు తాగారు. కళ్ళు గట్టిగా మూసుకుని, భుజాలు ఎగరేసి, చిన్నపిల్లలా గింజుకున్నారు. "ఏంటే ఇది, నోట్లో సూదులు గుచ్చినట్టుంది! ఇంకాస్త పొయ్యి" అన్నారు. ఆ త్రేనుపు నాలుగిళ్ళ అవతలకి వినపడి ఉంటుంది. నాకు కడుపులో మంట అప్పుడు మొదలైంది.

మర్నాడు మూడింటికి నేను గ్లాసు పట్టుకుని అరుగు మీదికొస్తే ఆవిడ చెప్పులేసుకుంటున్నారు. "చిన్నది పిలిచిందమ్మా, ఓసారి అలా వెళ్ళొస్తాను" అన్నారు. నా గ్లాసు నేనే తాగాను. ఆ మర్నాడూ అంతే. నాలుగో రోజు నుంచి కలపడం మానేశాను.

మరిది మస్కట్ వెళ్ళిపోయాడు, మిషను ఉండిపోయింది. రోజూ మూడింటికి గోడ అవతల బుర్ర్‌ర్ర్. నేను ఇవతల పీట మీద కూర్చుని ఎన్నిసార్లు నొక్కిందో లెక్కపెట్టేదాన్ని. తరవాత నవ్వులు వినపడేవి. అత్తగారి గొంతు వినపడేది గాని మాటలు తెలిసేవి కావు. అదింకా మంట. మా మావగారి చాదస్తం గురించే అయ్యుంటుంది. అవన్నీ నాకు చెప్పిన కబుర్లు, నా కబుర్లు! దానికెందుకు చెప్పాలి?

ఆవిడ నాలుక నీలంగా చేసుకుని తిరిగొచ్చేవారు. ఒకరోజు ఉండబట్టలేక అనేశాను. "అత్తయ్యగారూ, ఆ రంగులు ఒంటికి మంచివి కాదండీ. మీకసలే బీపీ."

"ఆయ్, మంచిది కాదులే. ఈ వయసులో కొత్తగా పాడవడానికి ఏముందే నాకు" అని నాలుక బయటపెట్టి చూపించి లోపలికెళ్ళిపోయారు.

కొబ్బరి లారీలకి లోడు ఎత్తించి వచ్చిన మా ఆయన కాళ్ళు కడుక్కుంటూ ఇదంతా విన్నారు. "అంత కుళ్ళుకోడం ఎందుకు, నీకూ ఒకటి తెప్పిత్తానులేవే" అన్నారు.

"సోడా కొట్టోడి కూతుర్ని. నాకెందుకండీ ఆ ఆటబొమ్మ?" అన్నాను. ఆ రాత్రి కూరలో ఉప్పు ఎక్కువైంది. కావాలని కాదు.

నెలన్నర ఇలా గడిచాక ఒక ఉదయం నా తోడికోడలు కూతుర్ని వెంటబెట్టుకుని పంటి డాక్టరు దగ్గరికని అమలాపురం బయల్దేరింది. ఎవరు ఊరెళ్ళినా తాళంచెవి పక్క వాటాలో ఇచ్చి పోవడం మా ఇంట్లో మామూలే. మా వంటింటి మేకుకి తాళం తగిలించి, "అక్కా, వెనకాల ఎండు కొబ్బరి ఆరబెట్టేనండీ. మబ్బేస్తే కాస్త లోపల పెడతారా?" అంది. సరేనన్నాను.

మబ్బు లేదు. ఆకాశం నిప్పులు కక్కుతోంది. అయినా రెండింటికి తాళం తీసుకుని లోపలికెళ్ళాను. దొంగతనానికి వెళ్ళలేదు. నా ఉద్దేశం ఒకటే. ఆ రోజు మూడింటికి అత్తగారికి ఆ మిషను సోడాతోనే నాన్న అల్లం రసం కలిపి ఇవ్వాలి. అంత గ్యాసుతో నా రసం తాగితే ఆవిడ ఇంక ఆ నీలం మందు మొహం చూడరు. మిషను ఎవరిదైతేనేం, చెయ్యి ఎవరిదో తెలియాలి. పొద్దున్నే అల్లం తేర్చి, పాకం పట్టి, సీసాలో పోసి సిద్ధంగా ఉంచుకున్నాను.

రసం ముందు, గ్యాసు తరవాత. వాళ్ళు పైన పోసుకుంటారని చూశాను. అది తెలియనివాళ్ళ పద్ధతి అనుకున్నాను. ముందు రసం పోస్తే గ్యాసు దాని నరనరానా పడుతుంది, మా కొట్టులో కళ్ళారా చూసినదాన్ని. సీసా అడుగున రెండు వేళ్ళ మందం రసం పోసి, పైన నీళ్ళు నింపి, బిగించి, మీట నొక్కాను. బుర్ర్‌ర్ర్. ఇంకోసారి. మూడోసారి నొక్కేసరికి చప్పుడు మారింది. లోపలెవరో పుక్కిలించినట్టు వినపడింది. సరే, అయిందనుకుని సీసా తిప్పాను.

ఇక చూడండి నా సామిరంగా! సీసాలోది సీసాలో లేదు. కప్పుకి కొట్టింది, క్యాలెండరుకి కొట్టింది, నా మొహానికి, రవికకి, పక్కనున్న బియ్యం డబ్బాకి కొట్టింది. మిషను మూతిలోంచి పసుప్పచ్చ నురగ కారుతూనే ఉంది. నేను సీసా పట్టుకుని కాసేపు అలా నిలబడిపోయాను. తరవాత చీర కుచ్చెళ్ళు దోపుకుని, తడి గుడ్డ తెచ్చి, స్టూలెక్కి కప్పు తుడిచాను. మిషను తుడిచాను. నీళ్ళు పోసి మళ్ళీ నొక్కి చూస్తే మీట కిందికి దిగి అక్కడే ఉండిపోయింది. పైకి లేవలేదు, చప్పుడూ లేదు. తాళం వేసి, తలంటుకుని, ఏమీ ఎరగనట్టు అరుగు మీద కూర్చున్నాను.

ఆ సాయంత్రం ఆ అమ్మాయి తిరిగొచ్చింది. తాళం ఇస్తూ దాని మొహం వంక చూడలేదు. మర్నాడు పొద్దున్న వాళ్ళ వంటింటి కప్పు మీద చీమలు బారు కట్టాయని వాళ్ళమ్మాయి అరవడం గోడ ఇవతలికి వినిపించింది. మూడింటికి అత్తగారు చెప్పులేసుకుని అటు వెళ్ళి, రెండు నిమిషాల్లో తిరిగొచ్చారు.

"మిషను పాడైందటే. చిన్నదే ఏదో తప్పు నొక్కిందట" అని అరుగు మీద చతికిలబడ్డారు. కాస్సేపటికి, "ఏం పెద్దమ్మాయ్, మన అల్లం ఉందా?" అన్నారు.

ఉందా అంటే? పరుగెత్తాను. ఆ రోజు సోడా కొత్త సీసా విప్పాను, చప్పబడింది కలపలేదు. ఆవిడ తాగారు. కబుర్లు చెప్పారు. నేను గెలిచాను. మూడు రోజులు గెలిచాను. ఆ మూడు రోజులూ గోడ అవతల ఏ చప్పుడూ లేదు. బుర్ర్ మన్నప్పుడు నన్ను నిద్రపోనివ్వని గోడ, చప్పుడు లేకపోయినా నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే చిన్నది అబద్ధమాడింది. నా కోసం ఆడింది. ఎందుకాడిందో తెలియక ఒళ్ళు మండిపోయింది.

నాలుగో రోజు పొద్దున్న దొడ్లో అంట్లు తోముకుంటున్నాం, అదో పక్క, నేనో పక్క. ఉండలేక నేనే కదిపాను. "ఏమ్మా, మిషను సంగతి ఏమైంది?"

అది తోముతున్న గిన్నె మీదనుంచి కళ్ళెత్తలేదు. "మిషను మూతి దగ్గర ముక్కు పెట్టి చూసేనండీ అక్కా. అల్లం వాసన."

నా చేతిలో పళ్ళేన్ని ఇంకాస్త గట్టిగా రుద్దాను.

"ఈ వీధిలో అల్లం తేర్చి రసం తీసేది మీరొక్కరే కదండీ."

"మరి ఆవిడకి చెప్పలేదేం?" అన్నాను. గొంతు పెద్దదే వచ్చింది, తప్పు నాదైనా సరే.

"ఏం చెప్పమంటారండీ? చెబితే ఆవిడ మీ గ్లాసు ముట్టుకోరు. నా మిషను ఎలాగూ పలకదు. ఎక్కడా కూర్చోకుండా ఆ మంచం మీద పడుంటారు." గిన్నె బోర్లించి, చేతులు చీర కొంగుకి తుడుచుకుంది. "పదకొండేళ్ళండీ అక్కా. రోజూ మూడింటికి గోడ ఇవతల నేనొక్కదాన్నీ మీ ఇద్దరి నవ్వులూ వింటూ కూర్చునేదాన్ని. ఏం తెమ్మంటావని ఆయన ఫోన్లో అడిగితే బంగారం అడగలేదండి. మిషను అడిగేను. అత్తయ్యగారు ఓ పూట నా గుమ్మంలో కూర్చుంటారని."

ఆ మాటకి కరిగిపోయానని రాస్తే బాగుంటుంది. కరగలేదు, కోపం వచ్చింది. నెలన్నరగా నేను చెవి పెట్టి కూర్చున్న గోడకి అది పదకొండేళ్ళుగా చెవి పెట్టింది. నాకంటే పదింతలు కుళ్ళుకోడానికి హక్కుంది దానికి. అయినా ఒక్కనాడు మూతి ముడవలేదు, గొంతు నొప్పని అబద్ధమాడలేదు, మేకు మీద తాళం తియ్యలేదు. కుళ్ళులో కూడా నాకంటే మంచిదైపోయిందే అని దాని మీద ఇంకా కుళ్ళొచ్చింది.

"ఆ ఏడుపుగొట్టు మిషను ఇటు తే" అన్నాను.

మా నాన్న కొట్టులో వారానికోసారి మిషను విప్పి కడగడం నాకు తెలిసిన పని. పాకం ఎండితే ఎలా అంటుకుంటుందో కూడా తెలుసు. ముందు వెనక సిలిండరు విప్పించాను. మిషను పక్కకి పడుకోబెట్టి, మూతిలో గోరువెచ్చని నీళ్ళు పోసి నానబెట్టి, సన్నటి చీపురుపుల్లతో బంక తీశాను. తీసినకొద్దీ వచ్చింది. నా అల్లమే, నా పాకమే. చిన్నది పక్కన కూర్చుని, మిషనుతో పాటు పెట్టెలో వచ్చిన వాడకం కాగితం తీసి చూపించింది. సీసాలో రంగు పోసి మిషనుకి బిగించినట్టు ఒక బొమ్మ, దాని మీద ఇంత లావు ఎర్ర గీతలు రెండు.

"నీళ్ళకే గ్యాసు పట్టించాలండీ. రసం తరవాతే పొయ్యాలి. దీనికి గోళీ లేదు కదండీ."

"తెలిసిందిలేవే. కప్పు నిండా తెలిసింది" అన్నాను. అది కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను నవ్వలేదు, కాసేపు.

మధ్యాహ్నం దాకా నానబెడితే మీట పైకి లేచింది. చిన్నది సిలిండరు బిగించి, ఉత్త నీళ్ళు పెట్టి నొక్కింది. బుర్ర్‌ర్ర్. నా గ్లాసు పోయినట్టే అనుకున్నాను. నా చేత్తో నేనే పోగొట్టుకున్నాను. అయినా ఇంటికెళ్ళి నా రసం సీసా తెచ్చాను.

ఆ చప్పుడు విని అత్తగారు చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేశారు. వాళ్ళ గుమ్మంలో నన్ను చూసి, "నువ్వూ వచ్చేవా?" అని వింతగా చూశారు. చిన్నది గ్లాసులో సోడా వంచింది. నేను పక్కనుంచి, గ్లాసు అంచు వెంబడి, నెమ్మదిగా రసం జార్చాను. నురగ అంచు దాకా లేచి ఆగింది.

అత్తగారు ఒక గుక్క తాగి ఆగారు. ఇంకో గుక్క తాగారు. త్రేనుపు తీసి మూతి తుడుచుకున్నారు.

"ఇది పెద్దదాని రసమే" అన్నారు. "కానీ ఇన్నాళ్ళూ ఇందులో ఏదో తక్కువుండేదే. ఇవాళ సరిపోయింది."

ముల్లు గుచ్చుకున్నట్టయింది. "తక్కువుండేదా? మరి ఇరవై రెండేళ్ళూ ఎందుకు తాగేరండీ?" అని అడిగేశాను. నోరుంది కదా.

"చప్పగానే ఉండేది. సోడా చచ్చిపోయాక కలిపేదానివి" అన్నారు ఆవిడ, గ్లాసులోకి చూస్తూ. "తాగకపోతే నువ్వు నా పక్కన కూర్చుంటావేంటే?"

నా తోడికోడలు గోడ వైపు తిరిగి ఏదో సర్దుతున్నట్టు నిలబడింది. అంతలో ఆవిడ ఖాళీ గ్లాసు చాపారు. నా వైపు కాదు. చిన్నదాని వైపు.

భగ్గుమంది. ఆ గ్లాసు మధ్యలోనే అందుకున్నాను.

"ఇటివ్వండి, నేను పోస్తాను" అని చిన్నదానికేసి చూశాను. "నువ్వు ఇంకో సీసా నొక్కు. ముగ్గురికి సరిపడా."